అత్తగారి తుంటియెముకయు, మా కారు పెడళ్లును

గృహకృత్యములను గూర్చియు శిశుపోషణమును గూర్చియు సోదరీమణులు వ్రాయుచుండు పుటలలో మోటారుకారు పెడళ్లను గూర్చి వ్రాయ బూనితి నని కొందరు నవ్వుదురేమో! నవ్వినను నాకు చింతలేదు. ఈ సంగతి నాకు వినోదముగా వచ్చినది కాదు, ఇంటిపనిలో నొక భాగముగా వచ్చినది. పథ్యపు వంట యెట్లు నేర్చుకొంటినో దీనిని నట్లే నేర్చుకొంటిని.

మావారు అరకులోయలో నొక యున్నతపాఠశాలలో తెలుగు బోధించుచున్నారు. 2022వ సంవత్సరమున మా జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు వచ్చినది గాని, మా ఘాటీ మాత్రము మారలేదు. అనంతగిరి, తైడ, కాశీపట్నముల మీదుగా శృంగవరపుకోటకు దిగువఱకును మలుపుమీద మలుపే. మావారికి చిన్ననాటినుండియు రేచీకటి. పగటిపూటను సైతము ప్రక్కలు చక్కగా కానరావు. కావున వారు స్టీరింగు ముట్టరు. 2021లో నేనే బండి నేర్చుకొని లైసెన్సు పుచ్చుకొంటిని. మాది మూడు చేతులు మారి వచ్చిన నాలుగు గేర్ల చిన్నకారు. నేను మొదటిసారి స్టీరింగు ముందర కూర్చున్ననాడు మా తండ్రిగారు, "దశరథుని రథమును కైకేయి తోలలేదా? నీవేల తోలరాదు?" అనిరి. ఇంటికడ నాకు అమరమును, భారతమును, నైషధమును చెప్పిన గురువులు వారే. "తోలినందుకు ఆమె యడిగిన వరములను తలచుకొన్న భయమగుచున్నది" అని మావారు మెల్లగా ననిరి.

2023వ సంవత్సరపు వానకాలమున అత్తగారు పెరటిమెట్లమీద జారిపడిరి. తుంటియెముక విరిగినది. విశాఖపట్టణమున వైద్యులు శస్త్రచికిత్స చేసి లోహపు కీలు అమర్చిరి. క్రుంగిన యాసనముమీద కూర్చుండరాదు, మోకాలు తుంటికంటె పైకి రారాదు, కాలిమీద కాలు వేయరాదు అని నియమములు చెప్పి, కొన్ని వారముల కొకమారు వచ్చి చూపించుకొమ్మనిరి. రైలు కలదు గాని, దాని మెట్లెక్కుట ఆమెకు దుర్లభము. ఒకసారి అద్దెకారు పిలిపించితిమి. ఆ కుఱ్ఱవాడు ఒకచేత సెల్‌ఫోను పట్టుకొని మలుపులు తిప్పుచుండగా నేను వెనుకసీటులో కూర్చుండి నాకు తెలిసిన స్తోత్రము లన్నియు చదువుకొంటిని. రెండవసారి అట్టి సాహసమునకు మాకు ధైర్యము చాలలేదు. ముందుసీటును వెనుకకు జరిపి, దానిపై గట్టి దూదిదిండు వేసి, అత్తగారిని నా ప్రక్కనే కూర్చుండబెట్టుకొని నేనే బయలుదేరితిని.

ఘాటీ దిగునపుడు బ్రేకు నొక్కటే నమ్ముకొనరాదు, గేరు తగ్గించి యింజనుచేతనే బండిని పట్టి యుంచవలెను అని నేర్పినవారు చెప్పియుండిరి. అది నిజమే. ఎడతెగక బ్రేకు తొక్కుచుండినచో అది కాగిపోవును. కాగిన బ్రేకుకు పట్టు తప్పును. కాబట్టి ప్రతి మలుపునకు ముందు మూడవ గేరునుండి రెండవ గేరునకు దిగుచుంటిని. దిగిన ప్రతిసారియు బండి ముందునకు విసరినట్లై యొక కుదుపు. ఆరోగ్యవంతులకది లెక్కలోనిది కాదు. కొత్తకీలు గల తుంటికి అది గుదియ పెట్టు.

అత్తగారు నోరు తెఱచి బాధ చెప్పుకొనువారు కారు. తలుపుమీది పిడిని పట్టుకొని మాటాడక కూర్చుండిరి. తైడ దాటువఱకును నేను గమనింపనేలేదు. అప్పుడు చూచితిని: నేను గేరుమీదికి చేయి చాచగనే ఆమె కన్నులు మూసికొనుచుండిరి. కుదుపు వచ్చి పోయిన పిమ్మట తెఱచుచుండిరి. కాశీపట్నము చేరువఱకు ఎన్ని మలుపులో అన్నిమారులు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ కుదుపు ఏల వచ్చునో నాకు తరువాత తెలిసినది. బండి ఒకే వేగమున పోవుచుండగా మూడవ గేరులో నింజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్న దనుకొనుడు. అదే వేగమునకు రెండవ గేరులో అది ఇంచుమించు 3000 చుట్లు తిరుగవలెను. క్లచ్చు తొక్కి గేరు మార్చునంతలో ఇంజను వేగము పెరుగుటకు మాఱుగా తగ్గిపోవును. క్లచ్చు వదలగనే చక్రములు ఆ మందించిన యింజనును బలాత్కారముగా పైకి లాగవలసి వచ్చును. ఆ లాగుడే మనకు తగులు కుదుపు. వెనుకటి కార్లలో గేరుపండ్లు సైతము తాకుకొని కీచుమనుచుండెడివట. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు సింక్రోమెష్ అను సాధనము వచ్చిన తరువాత పెట్టెలోపలి పండ్లకు సంధి కుదిరినది గాని, ఇంజనునకును చక్రములకును సంధి కుదుర్చు పని నేటికిని తోలువారిదే. క్లచ్చు వదలుటకు ముందు ఆక్సిలరేటరును ఒక్కమారు చిన్నగా తట్టి ఇంజనును ఆ 3000 దగ్గరకు తేవలెను. సమతలమున ఇది సులభము. పల్లమున ఎట్లు? కుడికాలు బ్రేకుమీద నున్నది. దానిని తీసి ఆక్సిలరేటరు తట్టితిమా, ఆ రెప్పపాటులో బండి పల్లమున పరుగందుకొనును. క్లచ్చును మిక్కిలి మెల్లగా వదలినచో కుదుపు తగ్గును గాని క్లచ్చుపలక అరిగిపోవును.

ఈ చిక్కునకు విరుగుడు చెప్పినవాడు మా మరిది. అతడు కోయంబత్తూరున చదువుకొనునాడు కారి మోటార్ స్పీడ్‌వేలో కారుపందెములు చూచి వచ్చెడివాడు. "వదినా! పందెగాండ్రు ఒకే కాలితో రెండు పనులు చేయుదురు. కాలి ముందుభాగము బ్రేకుమీద నుండగనే మడమతో ఆక్సిలరేటరు తట్టుదురు. హీల్ అండ్ టో అందురు" అనెను. నాకు నాట్యశాస్త్రములోని పాదభేదములు జ్ఞప్తికి వచ్చినవి. మునివ్రేళ్లపై నిలిచి మడమను నేలకు తాటించుట ఉద్ఘట్టితమని చదివితిని. చదువుటయే కాని కాలికి వచ్చినది కాదు. వారు వేగము కొఱకు చేయునది నేను ఎముక కొఱకు చేయవలెను, అంతే భేదము.

నిలిపియుంచిన బండిలో ప్రయత్నించి చూచితిని. కాలు మెలివడినదే కాని మడమ ఆక్సిలరేటరునకు అందలేదు. మావారు పాఠశాలనుండి స్కేలు తెచ్చి కొలిచిరి. బ్రేకు పెడలు ఆక్సిలరేటరుకంటె 5 సెంటీమీటర్లు ఎత్తున నున్నది. రెండింటి నడుమ వెడలుపు 7 సెంటీమీటర్లు. మెల్లగా తొక్కినచో బ్రేకు 2 సెంటీమీటర్లు దిగుచున్నది. ఇంకను 3 సెంటీమీటర్ల భేదము మిగిలినది. పందెగాండ్రు బ్రేకును బలముగా తొక్కుదురు గనుక వారి బ్రేకు ఆక్సిలరేటరుతో సమముగా దిగిపోవును. ముసలమ్మను కూర్చుండబెట్టుకొని మెల్లగా దిగు నాకు బ్రేకు ఎత్తుననే నిలుచును. నెమ్మదిగా పోవువారికే ఈ విద్య కష్టతర మగుట చూచి నాకు నవ్వు వచ్చినది. పైగా నా పాదము చిన్నది. సీటు ముందునకు జరిపినచో మోకాలు స్టీరింగునకు తగులుచున్నది.

ఇక్కడ నేను చేసిన తప్పును దాచక చెప్పెదను. మా యూరిలో నొక యువకుడైన మెకానిక్కును పిలిచి, "బ్రేకు పెడలును కొంచెము క్రిందికి దింపగలవా?" అని యడిగితిని. "అదెంత పని అమ్మగారూ!" అని అతడు పావుగంటలో దింపి పోయెను. పెడలు వెనుకకు వచ్చి ఆనుకొను చోట ఒక స్విచ్చు కలదు. వెనుకదీపము వెలిగించునది అదియే. దానిని అతడు ముందునకు జరిపెను. పెడలు దిగినది. నాకు పరమసంతోషము కలిగినది.

భగవదనుగ్రహమున అత్తగారిని ఎక్కించుకొనకమునుపే ఒకమారు సుంకరమెట్టవఱకు పోయి వత్తమని నేనును మావారును బయలుదేరితిమి. కొంతదూరము బాగుగనే పోయినది. పిమ్మట బండి బరువుగా నడచుట తోచినది. ఏదియో కాలిన వాసన. పల్లమున న్యూట్రలులో పెట్టి బ్రేకు వదలినను బండి దొర్లకున్నది! దిగి ముందుచక్రము దగ్గర చేయి పెట్టగా పెనముమీది వేడి. బ్రేకు పెడలు ఱాయివలె బిగిసినది. ఒక గంటసేపు చింతచెట్టు క్రింద కూర్చుండి, అది చల్లారిన తరువాత నత్తనడకతో ఇల్లు చేరి, ఆ స్విచ్చును మరల పూర్వస్థానమునకు పెట్టించితిని.

మరునాడు ఒకటవ రెండవ గేర్లలోనే ఘాటీ దిగి శృంగవరపుకోటలో నొక వృద్ధుడైన మెకానిక్కు దగ్గరకు పోయితిమి. ఆయన పెడలును వ్రేలితో నొక్కి చూచి, ఆ కథ యంతయు విని, తలకొట్టుకొనెను. ఆయన చెప్పినదానిని నా మాటలలో చెప్పెదను. బ్రేకు పెడలునుండి ఒక కడ్డీ మాస్టరు సిలిండరులోని పిస్టనును త్రోయును. కాలు తీసినపుడు ఆ పిస్టను పూర్తిగా వెనుకకు వచ్చినగాని, నూనెతొట్టిలోనికి పోవు సన్నని రంధ్రము తెఱచుకొనదు. కడ్డీ పొడవు తగ్గింపక పెడలును మాత్రము దింపినచో, కాలు లేకున్నను కడ్డీ పిస్టనును నొక్కుచునే యుండును. రంధ్రము మూసికొనిపోవును. నూనె వెనుకకు రాలేక బ్రేకులు చక్రములను ఒరసికొనుచుండును. ఒరపిడిచే వేడి, వేడిచే నూనె ఉబ్బుట, ఉబ్బుటచే మరింత ఒరపిడి. నూనె మరిగి ఆవిరి పుట్టినచో తొక్కిన పెడలు నేలకు అంటిపోవును, బండి ఆగదు. అందుచేతనే పెడలునకు మొదట కొన్ని మిల్లీమీటర్ల వదులు విధిగా నుండవలెనట. పప్పు పొంగునపుడు మూత కొంచెము తొలగించి యుంచమా? ఆ సందు నేను మూయించితిని. అత్తగారిని కూర్చుండబెట్టుకొని తైడ మలుపులలో ఇది జరిగియుండిన నేమగునో! ఇప్పటికిని తలచుకొనలేను.

"బ్రేకు జోలికి పోవద్దమ్మా. కావలిస్తే ఆక్సిలరేటరునే దాని దగ్గరికి పిలుద్దాం" అనెను ఆ పెద్దాయన.

అట్లే చేసెను. ఆక్సిలరేటరు తీగెలో వదులెక్కువగా నున్నది. ఇంజను దగ్గరి నట్టు త్రిప్పి దానిని సరిచేయగా పెడలు ఒక సెంటీమీటరు పైకి వచ్చినది. మిక్కిలి బిగింపరాదట. బిగించినచో కాలు తీసినను ఇంజను రొదపెట్టుచునే యుండును. పిమ్మట ఒక సెంటీమీటరు మందమున అల్యూమినియపు పలక కోసి, పైన గరుకురబ్బరు వేసి, ఆక్సిలరేటరుపై రెండు బోల్టులతో బిగించెను. పలక బ్రేకువైపు కొంచెము వెడల్పుగా నుండుటచే నడిమి సందు 5 సెంటీమీటర్లైనది. ఎత్తులోని భేదము మూడింటికి వచ్చినది. మెల్లగా తొక్కినపుడు మిగులునది ఒక్క సెంటీమీటరు. "ఇంకొక సెంటీమీటరు ఎత్తు చేయరాదా? సమముగా నుండును గదా!" అని నే నడిగితిని. ఆయన మాటాడక, ఇంజను నడుచుచుండగా నాచేత బ్రేకును బలముకొలది తొక్కించెను. అది 3 సెంటీమీటర్లు దిగి ఆక్సిలరేటరుతో సమముగా నిలిచెను. ఇంకను ఎత్తు చేసియుండినచో, ఏ లేగదూడయో అడ్డము వచ్చి ఆత్రముతో బ్రేకు తొక్కిననాడు అదే కాలు ఆక్సిలరేటరునుగూడ తొక్కియుండును. ఆగవలసిన బండి ఉఱికియుండును. ఆశకు ఒక సెంటీమీటరు తక్కువగనే నిలువుమని ఆయన భావము. అటుపిమ్మట పలక అంచునకు నా పాదరక్ష తగులుకొనదు గదా, క్రింది చాప దానికి అడ్డుపడదు గదా, తొక్కి వదలినచో వెంటనే పైకి వచ్చుచున్నది గదా అని నాలుగైదుమారులు పరీక్షించెను.

మావారు ఇంటికి వచ్చి 1988 నాటి మోటారు వాహనముల చట్టమును తీసిరి. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్పరాదని 52వ సెక్షను చెప్పుచున్నది. పలక బిగించుట దాని క్రిందికి రాదని వారి యర్థనిర్ణయము. భర్త వ్యాఖ్యానము నెట్లు కాదనుదును? అయినను బోల్టులు విప్పినచో యథాస్థితికి వచ్చునట్లుగనే చేయించితిమి. ఇతరులెవరైనను బండి తోలవలసి వచ్చినచో ముందు ఆ పలకను తీసివేయుదును.

ఇక అభ్యాసము. చెప్పులతో ఇది పనికిరాదు. పలుచని యడుగు గల గుడ్డబూట్లు కొంటిని. చీర కుచ్చెళ్లు చీలమండలకు పైగా నుండునట్లు పిన్నులు పెట్టుకొంటిని. అత్తగారు నా బూట్లను చూచి, "అమ్మాయీ, కవాతుకు పోతున్నావా?" అనిరి. ఎందుకో చెప్పలేదు. మొదట ఇంజను ఆపి, వంటయింటి పని ముగిసిన తరువాత రోజుకు పావుగంట కాలిని అలవాటు చేసితిని. అప్పుడు తెలిసిన దేమన, పేరు మడమయైనను మడమతో పనియే లేదు. బొటనవ్రేలి క్రింది కండ బ్రేకుమీద నుంచి, చిటికెనవ్రేలి ప్రక్కను కుడివైపునకు దొర్లించినచో పాదపు అంచు ఆక్సిలరేటరునకు తగులును. కష్టమైన భాగము దొర్లించుట కాదు. దొర్లించునపుడు బ్రేకుమీది ఒత్తిడి పెరుగకుండ, తరుగకుండ నిలుపుట.

ఆదివారములందు పాఠశాల వారి మైదానమునకు పోయి, ప్రక్కసీటులో దిండుమీద ఒక పళ్లెమును, దానిలో అంచువఱకు నీరు పోసిన ఇత్తడి చెంబును పెట్టి, ముప్పది కిలోమీటర్ల వేగమునుండి గేరు తగ్గించుచుంటిని. కూచిపూడివారు పళ్లెపు అంచుపై నిలిచి, తలపై చెంబుతో తరంగము ఆడుట మనము చూచినదే. నాకు చెంబు తలపై లేదు గాని తొణుకు మాత్రము అదే. మొదటి దినమున చెంబు సగమై దిండు తడిసి ముద్దయైనది. రెండవ వారము ఆక్సిలరేటరును మితిమీరి తట్టి నీటిని వెనుకకు చిమ్మించితిని. మావారు మైదానపు గట్టుమీద కూర్చుండి మూల్యాంకన పత్రములు దిద్దుకొనుచు, నా చెంబునకును మార్కులు వేయుచుండిరి. నలుబదికి మించి వచ్చుటకు ఆరు ఆదివారములు పట్టినది. ఎనిమిదవ ఆదివారమున పది దింపులలో ఎనిమిదింటికి నీరు అంచు దాటలేదు.

ఒక సంగతి దాచరాదు. ఈ విద్యలో సగము అక్కరలేనిదే. త్రోవ ఖాళీగా నున్నపుడు, మలుపునకు చాల ముందుగనే బ్రేకుతో బండిని బాగుగ నెమ్మది చేసి, ఆ తరువాత గేరు దింపినచో ఇంజను వేగముల భేదమే స్వల్పమగును. కుదుపును స్వల్పమగును. దిగుట మొదలు పెట్టకముందే రెండవ గేరులో పడి అందులోనే యుండుట మరింత సుఖము. నేనిప్పుడు ఎక్కువగా అట్లే చేయుదును. కాని వెనుకనుండి బస్సువాడు హారను మ్రోగించుచుండగా, ఎదుటి లారీ మలుపున హఠాత్తుగా కనబడగా, మూడవ గేరులో నున్నదానను వెంటనే దిగవలసి వచ్చును. ఆ నాలుగైదు చోట్ల కొఱకే ఈ ఎనిమిది ఆదివారములు.

2024వ సంవత్సరపు ఆశ్వయుజమున అత్తగారిని మరల విశాఖకు తీసికొనిపోవలసి వచ్చినది. యథాప్రకారము దిండు, యథాప్రకారము పిడి. అనంతగిరి దగ్గర కాఫీతోటల నీడలో మొదటిసారి గేరుమీదికి చేయి చాచితిని. ఆమె కన్నులు మూసికొనిరి. నా గుండె చెంబులోని నీరువలె తొణికినది. బొటనవ్రేలు బ్రేకుమీద, పాదము కొంచెము దొర్లినది, ఇంజను ఒక్కమారు హుంకరించినది, క్లచ్చు వదలితిని. ఏమియు లేదు. ఆమె కొంతసేపు చూచి కన్నులు తెఱచి, "గేరు పడలేదా యేమి?" అనిరి. పడినదంటిని.

రెండవది బాగుగనే వచ్చినది. నాలుగవది పాడుచేసితిని. ఒక మోటారుసైకిలు అడ్డు రాగా కాలు తడబడి, కుదుపు వచ్చినది. ఆమె పెదవి కొఱుకుకొనిరి. నేను క్షమింపుడంటిని. "నీకేమి, దారి అట్టిది" అనిరి. ఆ తరువాత తైడ వఱకు నేను లెక్కపెట్టలేదు. చూడగా ఆమె చేయి పిడిమీద లేదు. ఒడిలో నున్నది.

దారిప్రక్కన గిరిజన స్త్రీలు సీతాఫలముల బుట్టలు పెట్టుకొని కూర్చుండిరి. గత ప్రయాణములందు వారిని దాటియే పోయితిమి. ఆగినచో ఆమెకు మరల సర్దుకొని కూర్చుండుట బాధ. ఆనాడు అత్తగారే, "ఆపు అమ్మాయీ, పండ్లు బాగున్నట్లున్నవి" అనిరి. కిటికీలోనుండియే బేరము మొదలుపెట్టి, ఒక్కొక్క పండును వ్రేలితో నొక్కి చూచి, పండినవి కొన్ని, దోరవి కొన్ని ఏర్పించి, ఆ అమ్మి చెప్పిన ధరలో పది రూపాయలు తగ్గించుకొని, తరువాత ఆమె చంకబిడ్డను చూచి ఆ పది రూపాయలును బిడ్డచేతిలోనే పెట్టిరి. బుట్టను తమ పాదముల దగ్గర నుంచుమనిరి. నే నొప్పుకొనలేదు. ఒక్క పండు దొర్లి పెడళ్ల క్రిందికి వచ్చినచో ఆ ముసలి మెకానిక్కు కొలిచిన సెంటీమీటర్లన్నియు వ్యర్థమే గదా! బుట్టను వెనుకసీటులో నుంచి, దానికి తువ్వాలు చుట్టి కట్టి, మరల రెండవ గేరులో బయలుదేరితిని.